కొత్త డ్రైవర్ని: సిమెంటు లారీ దిగి కంటైనర్ కంపెనీకి పోవాలా, ఇక్కడే ఉండాలా?

జగ్గయ్యపేట_కుర్రాడు

అన్నలకీ బాబాయిలకీ నమస్తే. కొన్నాళ్లు క్లీనరుగా తిరిగి, హెవీ లైసెన్సు తీసుకుని, మా పక్కూరి ఓనరు దగ్గర పన్నెండు టైర్ల బండి తోలుతున్నాను. ఏడాది నిండబోతోంది. మా వైపు ఫ్యాక్టరీల్లో సిమెంటు ఎక్కించుకుని రాజమండ్రి, విశాఖ, ఒక్కోసారి నెల్లూరు వైపు పోతాం. తిరుగు లోడు దొరికితే దొరికినట్టు, లేకపోతే ఖాళీ బండే.

జీతమంటూ లేదు. ట్రిప్పుకి ఇంత బత్తా. అన్నీ కలిపితే నెలకి 15 నుంచి 18 వేలు. అందులో డీజిల్ లెక్క తగ్గిందని కోత పడుతుంది. సిమెంటు బస్తా చిరిగినా, తడిసినా అదీ నా ఖాతాలోకే. అమ్మ ఆపరేషనుకి ఓనరు దగ్గర 40,000 అడ్వాన్సు తీసుకున్నాను, ఇంకా సగానికి పైగా ఉంది. నా ఒరిజినల్ లైసెన్సు కార్డు ఆయన దగ్గరే ఉంది.

మేడ్చల్ వైపు ఒక కంటైనర్ కంపెనీలో పనిచేసే మా ఊరి అన్న నన్ను రమ్మంటున్నాడు. 32 అడుగుల కంటైనరు. నెలకి 20,000 జీతం, దానిమీద కిలోమీటర్ల లెక్కన డబ్బులు. పీఎఫ్ కూడా ఉందంటున్నాడు. ముంబై పక్కన భివండి, ఢిల్లీ పక్కన గురుగ్రామ్ లైన్లు. నాకు హిందీ అంతంతమాత్రం. ఇంట్లో అమ్మ ఒక్కతే. పైగా ఈ ఓనరే నన్ను నమ్మి మొదట స్టీరింగ్ చేతికిచ్చాడు. ఇప్పుడే బండి దిగితే బాగుంటుందా? ఇంకో ఏడాది ఆగాలా?

ఆటోనగర్_బాబాయ్

బాబూ, జీతం సంగతి తర్వాత. ముందు ఆ లైసెన్సు చేతికి తెచ్చుకో. మారినా, ఉన్నా అది నీ దగ్గరే ఉండాలి. లైసెన్సు తీసి పెట్టుకునే హక్కు ఏ ఓనరుకీ లేదు. డిజిలాకర్లో, ఎంపరివాహన్లో చూపించే లైసెన్సు కాగితంతో సమానంగా చెల్లుతుందని కేంద్రం 2018లోనే చెప్పింది. ఈ రాత్రే ఫోనులో దించుకో.  కార్డు మాత్రం ముందు మర్యాదగా అడుగు, చాలామంది ఇచ్చేస్తారు.

ఇక మారడం గురించి నా మాట. కొత్త డ్రైవరుకి మొదటి రెండేళ్లు పని నేర్చుకునే కాలం. లోడు బండిని ఘాట్ దింపడం, వానలో బరకం కట్టడం, నడిరోడ్డు మీద స్టెప్నీ మార్చడం, ఫ్యాక్టరీ గేటు దగ్గర గుమాస్తాతో నెగ్గుకు రావడం, ఇవన్నీ ఓనరు బండి మీదే వస్తాయి. కంపెనీలో ఏది చెడినా ఫోను కొడితే మనిషొస్తాడు. అది సుఖమే, కానీ నీకు పని రాదు. ఓనరు మనిషి మంచివాడైతే ఇంకో ఏడాది ఉండమంటాను.

ఒక్కటి చెప్పు. ఓవర్‌లోడ్ వేయిస్తున్నాడా?

కంటైనర్_నల్గొండ

తమ్మీ, నేను చాన్నాళ్ల సంది కంపెనీ కంటైనరే తోల్తున్న. ఎట్లుంటదో ఉన్నదున్నట్టు చెప్త.

మంచి సంగతి: సామాను జోలి మనకు లేదు. తలుపులకు సీలేస్తరు, సీలు పగలకుంట అక్కడ అప్పజెప్తే అయిపాయె. అయితే గేటు దాటకముందే సీలు మీది నంబరు, ఎల్ఆర్ (లారీ రసీదు) మీద రాసిన నంబరు ఒక్కటేనా అని చూస్కోవాలె. రెండూ ఒక్క ఫొటోల పడేటట్టు తీసి ఆఫీసు వాట్సాప్‌ల ఎయ్యాలె. మా దగ్గర ఒక పిలగాడు చూస్కోకుంట పోయిండు. 8కి 3కి తేడా వచ్చి భివండిల బండి రెండు దినాలు నిలవెట్టిన్రు.

కష్టం సంగతి: టైము. ఇన్ని గంటలకు హబ్బు (సామాను దించి ఎక్కించే గోదాము) చేరాలె అని ముందే రాసుంటది. లేటైతే ఫోన్లే ఫోన్లు. క్యాబిన్ల కెమెరా ఉంటది, కండ్లు మూస్తే కూత పెడ్తది. గురుగ్రామ్ లైన్ల పండుగల ముందు లోడు దొరుకుతనే ఉంటది, ఇల్లు కనవడది. పండుగలు పోయినంక హబ్బు కాడ రెండు మూడు దినాలు కూసుండుడే. ఆ కూసున్న దినాలకు హాల్టింగ్ పైసలు ఇస్తరా ఇయ్యరా? గిది అడుగు. నెల జీతం కంటే గిదే పెద్ద ప్రశ్న.

గురుగ్రామ్ దిక్కు ఈ-వే బిల్లు (సామాను తీస్కపోయేతందుకు జీఎస్టీ కాగితం) గడువు కూడా చూస్కోవాలె. 200 కిలోమీటర్లకు ఒక దినం లెక్క. నడుమ బండి చెడిపోయి ఆగితే గడువు అయిపోయే ఎనిమిది గంటల ముందు సంది, అయిపోయినంక ఎనిమిది గంటల దాకా పెంచుకోవచ్చు. ఆఫీసుకు మనమే యాదికి చెయ్యాలె.

హిందీ గురించి భయపడకు. రెండు నెలల్ల అదే వస్తది.

జగ్గయ్యపేట_కుర్రాడు

బాబాయ్, ఓవర్‌లోడ్ వేస్తారు. ప్రతిసారీ కాదు, తిరుగు లోడు కంకరో బొగ్గో అయితే తప్పకుండా. బ్రేకు ఇనస్పెక్టర్ పట్టుకుంటే నేను చూసుకుంటాలే అంటాడు ఓనరు. నిజంగానే రెండుసార్లు ఆయనే చూసుకున్నాడు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది డీజిల్ లెక్క. లీటరుకి మూడున్నర కిలోమీటర్లు రావాలంటాడు, లోడున్నా ఖాళీ అయినా ఒకటే లెక్క. నాకు అంత రావట్లేదు. పాత డ్రైవరు దిగుడు రోడ్డు వస్తే న్యూట్రల్ వేసి వదిలేయమని నేర్పాడు. అలా చేసినా కోత తప్పట్లేదు.

ఇంజన్_పని_గుంటూరు

న్యూట్రల్ మాట చూసి రాస్తున్నాను. తమ్ముడూ, ఈ ఒక్కటి ఇవాళే మానెయ్.

నీ బండి బీఎస్-4 అయినా బీఎస్-6 అయినా పంపు పని చాలావరకు ఎలక్ట్రానిక్‌దే. దిగుడులో గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే ఇంజనుకి డీజిల్ పోవడం పూర్తిగా ఆగిపోతుంది, చక్రాలే ఇంజన్ని తిప్పుతుంటాయి. న్యూట్రల్ వేశావంటే ఇంజను తనంతట తాను తిరగాలి కాబట్టి డీజిల్ తాగుతూనే ఉంటుంది. అంటే గేరులో దిగితేనే మిగులుతుంది. పాత పంపు ఇంజన్ల కాలంలో పుట్టిన అలవాటు ఇది, ఇప్పటికీ ఒకరికొకరు నేర్పుకుంటున్నారు.

మైలేజీ మాట పక్కన పెట్టు. న్యూట్రల్‌లో ఇంజను పట్టు ఉండదు, ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజను పొగని అడ్డుకుని వేగం తగ్గించేది) పనికిరాదు. బరువంతా కాలి బ్రేకు మీదే. డ్రమ్ములు కాలి లైనర్లు జారడం మొదలయ్యాక ఎంత తొక్కినా బండి ఆగదు. అలా వచ్చిన బళ్లని షెడ్డులో విప్పాను. లైనరు నల్లగా గాజులా మెరుస్తూ ఉంటుంది.

మైలేజీ ఎందుకు రావట్లేదో నేను చెప్పినట్టు చూడు. లోడుతో గంటసేపు తోలి, చదునైన చోట బ్రేకు ఎక్కువ వాడకుండా ఆపు. దిగి ఒక్కో చక్రం దగ్గర డ్రమ్ముకి చెయ్యి దగ్గరగా పెట్టు, ముట్టుకోవద్దు. అన్నిటికంటే ఒకటి బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు వదలట్లేదు, బండి రోజంతా దాన్ని ఈడ్చుకు తిరుగుతోంది. తర్వాత టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టరు. ఈ మూడూ ఓనరు చేయించాల్సినవి, నీ బత్తాలో కోసేవి కావు.

ఇంకోటి, లోడుకీ ఖాళీకీ ఒకే మైలేజీ అనేది లెక్కే కాదు. ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకుకి, లోడు వేరుగా ఖాళీ వేరుగా ఓనర్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒకసారి కొలవండి.

రెండు_లారీల_ఓనరు

నేను ఓనర్ని. మా వైపు మాట కూడా వినండి.

మాకూ గిట్టుబాటు కావట్లేదు. 2022 జూన్‌లో సవరించిన రేటు ప్రకారం 20 నుంచి 40 టన్నుల బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ప్రీమియమే ఏడాదికి 43,950. దానిమీద జీఎస్టీ, ఫైనాన్సు కంతు, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), టైర్లు, టోలు. సిమెంటు కిరాయి ఫ్యాక్టరీ వాడు ఇచ్చినప్పుడు తీసుకోవడమే. డీజిల్ మాత్రం నగదుకే పోస్తారు. అడ్వాన్సు తీసుకుని బండిని బైపాస్‌లో వదిలేసి ఫోను ఆపేసిన డ్రైవర్లు నాకూ తగిలారు. అందుకే కొందరు ఓనర్లు లైసెన్సు పట్టుకుంటారు. అది తప్పే, నేను పట్టుకోను, కానీ ఎందుకలా చేస్తారో చెబుతున్నాను.

బాబూ, నువ్వు వెళ్లాలనుకుంటే వెళ్లు. ఎవరూ ఆపలేరు. అయితే ఒక నెల ముందు చెప్పు. అడ్వాన్సు ఎంత తీరింది, ఎంత ఉంది అన్నది కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. మిగిలింది నెలనెలా ఫోన్‌పేలో పంపు. రేపు ఆ కంపెనీ నచ్చకపోతే తిరిగొచ్చినప్పుడు తలుపు తీసి ఉంటుంది. ఈ లైన్లో మాట ఒక ఆటోనగర్ నుంచి ఇంకో ఆటోనగర్‌కి మనకంటే ముందే చేరుతుంది.

ఓవర్‌లోడ్ సంగతి మాత్రం నేను సమర్థించను.

చేపల_లైను_ఆకివీడు

బాబాయ్ మీద గౌరవం ఉంది, కానీ ఈ విషయంలో ఒప్పుకోను. ఓవర్‌లోడ్ వేయించే బండి మీద ఇంకో ఏడాది ఉండి పని నేర్చుకోమనడం ఏంటి?

చట్టం ప్రకారం ఓవర్‌లోడ్‌కి 20,000, ఎక్కువైన ప్రతి టన్నుకీ ఇంకో 2,000. ఆ డబ్బు ఓనరు కట్టేస్తాడు, సరే. లైసెన్సు సస్పెండ్ అయితే అది ఎవరిది? సుప్రీంకోర్టు వేసిన రోడ్డు భద్రతా కమిటీ, సరుకు బండి ఓవర్‌లోడ్‌తో దొరికితే డ్రైవరు లైసెన్సు కనీసం మూడు నెలలు ఆపమని రాష్ట్రాలకి చెప్పింది. మూడు నెలలు ఇంట్లో కూర్చుంటే ఓనరు బత్తా ఇస్తాడా? ఇంకో డ్రైవర్ని ఎక్కిస్తాడు, అంతే.

నేను ఆకివీడు నుంచి హౌరా చేపల బండి తోలాను. ఐసు కరిగేలోపు మార్కెట్లో ఉండాలి. ఇద్దరు డ్రైవర్లం, ఒకడు తోలుతుంటే ఒకడు పడుకోవడం. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా అంతా రాత్రే. డబ్బులు బాగానే కనిపించేవి. కానీ ఒకసారి రెండో డ్రైవరుకి జ్వరం వస్తే ఆగమనే మాట ఆఫీసులో ఎవరి నోటా రాలేదు. ఆ లైను మానేశాను. ఇప్పుడు రోజువారీ లోకల్ ట్రిప్పులు వేస్తున్నాను, డబ్బు తక్కువే.

నేను చెప్పేది ఒక్కటే తమ్ముడూ. నిద్ర వస్తోంది, ఆపుతాను అని ఫోను చేస్తే అవతల ఏమంటారు? ఇప్పుడున్న చోటా ఆ కొత్త చోటా ఈ ఒక్క మాటకి జవాబు తెలుసుకో. మీ ఊరి అన్నని ఇదే అడుగు, జీతం అడగకు.

ఆటోనగర్_బాబాయ్

ఓవర్‌లోడ్ వేయిస్తున్నాడని తెలియక ముందు చెప్పిన మాట అది. ఇప్పుడు నేనూ ఉండమనను. కానీ కంపెనీ అనగానే అక్కడ నిద్ర దొరుకుతుందనుకోకండి. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం నుంచీ రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు అన్న లెక్క కాగితం మీద ఉంది. రోడ్డు మీద దాన్ని చూసిన డ్రైవరు ఎవరున్నారు?

రిలే పద్ధతి అయితే కొంత నయం. ఒకడు నాలుగైదు గంటలు తోలి బండిని ఇంకొకడికి అప్పజెప్పి, ఎదురొచ్చే బండి ఎక్కి ఇంటికి తిరిగొస్తాడు. 2014లో మొదలైన రివిగో అనే ట్రాన్స్‌పోర్టు కంపెనీ ఈ పద్ధతితోనే పేరు తెచ్చుకుంది. 2022లో దాని ఎక్స్‌ప్రెస్ సరుకు వ్యాపారాన్ని మహీంద్రా లాజిస్టిక్స్ కొనేసింది. నీకొచ్చిన చోట రిలే ఉందా, పాయింట్ టు పాయింటా, ఒక్క డ్రైవరా, ఇద్దరా? అడుగు. బండి ఎప్పటిదో కూడా అడుగు. 2025 అక్టోబరు 1 తర్వాత తయారైన లారీలకి ఏసీ క్యాబిన్ తప్పనిసరి. పాత బండిలో మే నెల సోలాపూర్ ఎండ తట్టుకోవడం మాటలు కాదు.

డ్రైవరు_ఇంటావిడ

మా ఆయన పదిహేనేళ్లుగా లైన్లో ఉన్నారు. నేను చెప్పేది ఇంట్లో ఉండే మనిషి మాట.

ఆయన ఓనరు బండి నుంచి కంపెనీకి మారినప్పుడు నేనొక లాంగ్ నోటుబుక్కు పెట్టాను. ట్రిప్పు తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఇచ్చిన బత్తా, దారి ఖర్చు, కోసింది ఎంత, ఎందుకు కోశారు. ఆయన ఫోనులో చెబుతుంటే నేను రాసేదాన్ని. నెలాఖరుకి ఆఫీసు వాళ్లు పంపిన లెక్కతో పక్కపక్కన పెట్టి చూసేవాళ్లం. రెండో నెలలోనే తేడా దొరికింది. ఒక స్పీడు చలానా ఆ రోజు వేరే డ్రైవరు తోలిన బండిది, ఈయన ఖాతాలో వేశారు. పుస్తకం చూపిస్తే మారు మాట్లాడకుండా తిరిగిచ్చారు. నోటి మాటగా అడిగి ఉంటే వచ్చేది కాదు.

తమ్ముడూ, నువ్వు ఇవాళ్టి నుంచే అలా రాయి. ఇప్పుడున్న చోట నెలకి నిజంగా చేతికి ఎంత వస్తోంది? 18 వేలు అంటున్నావు. దారిలో నీ తిండి, క్లీనరు టీ, పంక్చరు తీసేస్తే? అలాగే కంపెనీ 20 వేలలో మేడ్చల్‌లో గది అద్దె, మీ ఊరు వచ్చిపోయే ఛార్జీలు పోగా ఎంత మిగులుతుంది? రెండూ పక్కపక్కన రాసి చూస్తే సగం సందేహం తీరుతుంది.

అమ్మగారి సంగతి కూడా రాశావు. భివండి లైను అయితే వారానికి ఒకసారైనా హైదరాబాద్ వస్తావు. గురుగ్రామ్ అయితే ఎప్పుడొస్తావో చెప్పలేం. నన్నడిగితే గురుగ్రామ్ వద్దు.

పీఎఫ్_లెక్కలు

ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో అకౌంట్సు చూస్తాను. కాగితాల సంగతి చెబుతాను.

పీఎఫ్ ఉంది అంటే సరిపోదు. జీతంలో 12 శాతం నీది కోస్తారు, అంతే కంపెనీ కూడా వేయాలి. కొన్నిచోట్ల రెండు వాటాలూ నీ జీతంలోంచే కోసి 20,000 అని చెబుతారు. కాబట్టి చేతికి ఎంత అని అడుగు. చేరిన రెండో నెలలో ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ చూసుకో. డబ్బు పడకపోతే అక్కడే తెలిసిపోతుంది.

ఈఎస్ఐ నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకే. నీ వాటా 0.75 శాతం, కంపెనీది 3.25. అమ్మగారు నీ మీదే ఆధారపడి ఉంటే ఆమె వైద్యానికీ అది పనికొస్తుంది. ఆపరేషన్ అయిన మనిషి ఇంట్లో ఉన్నప్పుడు ఇది చిన్న సంగతి కాదు. అందుకే 20,000 మొత్తం జీతంగా చూపిస్తున్నారా, కొంత జీతం కొంత బత్తాగా చూపిస్తున్నారా అన్నది కూడా తేల్చుకో.

2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. నియామక పత్రం ఇవ్వాల్సిందే. అది ఇవ్వనంటే ఆ చోటికి పోవద్దు.

ఇక ఇన్సూరెన్సు. ఓనరు బండైనా, కంపెనీ బండైనా పాలసీ కాపీ అడిగి ఫొటో తీసుకో. ఓనరు పేరు మీదున్న బండైతే అందులో 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ కనిపించవచ్చు. అది ఓనరే డ్రైవరైనప్పుడు ఓనరుకి, నీకు కాదు. నీ కోసం చూడాల్సింది పెయిడ్ డ్రైవర్ లయబిలిటీ అనే లైను. దానికి కట్టేది చాలా చిన్న మొత్తం, అయినా కొందరు ఓనర్లు వేయించరు. నీ బ్యాంకు ఖాతాలో ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా ఉందో లేదో కూడా చూసుకో. ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటికి 2 లక్షలు వస్తాయి.

ట్యాంకర్_కొండపల్లి

కంటైనరే ఎందుకు, ట్యాంకరు చూడొచ్చుగా. ప్రమాదకర సరుకు తోలడానికి మూడు రోజుల ట్రైనింగ్ చేసి లైసెన్సు మీద రాయించుకోవాలి, మోటారు వాహనాల నిబంధనల్లో 9వ రూలు అది. టెర్మినల్ నుంచి బంకుకి పోయి రావడమే, చాలా రోజులు రాత్రికి ఇల్లు చేరతాం. ఓవర్‌లోడ్ అనే మాటే ఉండదు, కొలత పెట్టి నింపుతారు. కానీ కొత్తవాళ్లని త్వరగా ఎక్కించుకోరు. ఒక రెండేళ్లు మచ్చలేని లైసెన్సు ఉంటే నీకూ దారి ఉంటుంది, ఇప్పట్నుంచే మనసులో పెట్టుకో.

కడప_టు_దమ్మాం

ఎవరైనా గల్ఫ్ మాట ఎత్తితే నా మాట గుర్తుపెట్టుకో తమ్ముడూ. ఇక్కడ సౌదీలో ట్రైలరు తోలుతున్నాను. డబ్బుంది. కానీ ఇండియాలో ఏడాది అనుభవంతో రావద్దు. ఇక్కడ మళ్లీ లైసెన్సు పరీక్ష, అన్నీ కుడివైపు తోలడం, ఎడారిలో ఒంటరిగా వందల కిలోమీటర్లు. వచ్చే రోజు వస్తే ఈ-మైగ్రేట్‌లో (కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు) రిజిస్టరైన ఏజెంటు ద్వారానే రా. విజిట్ వీసా మీద డ్రైవరు పని అన్నవాడిని గడప తొక్కనివ్వకు.

చేపల_లైను_ఆకివీడు

ఇంకో మాట మిగిలింది. యాక్సిడెంట్ అయితే ఎవరొస్తారు?

మనం అనుకోం, కానీ రోడ్డు మీద బతుకు. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్లో రెండో భాగం, యాక్సిడెంట్‌లో మనిషి చనిపోయాక పోలీసులకి చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా జైలు అన్న దాని మీదే 2024 జనవరిలో దేశమంతా బళ్లు ఆపేశాం. ఆ భాగాన్ని మాత్రం పక్కన పెట్టి మిగతా చట్టాన్ని ఆ జూలై 1 నుంచి అమలు చేశారు. మొదటి భాగం ఉంది, నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే ఐదేళ్ల దాకా. కాబట్టి జనం మీద పడతారని భయమేస్తే దూరంగా వెళ్లి అయినా 112కి ఫోను చెయ్యి, దగ్గర్లోని స్టేషన్‌కి వెళ్లి చెప్పు. దెబ్బ తగిలిన మనిషికి వైద్యం అందేలా చూడటం డ్రైవరు బాధ్యత. జనం కోపం వల్లో, మన చేతిలో లేని ఇంకో కారణం వల్లో వీలుకానప్పుడు మాత్రమే దానికి మినహాయింపు.

నా ప్రశ్న ఇది. ఆ రాత్రి బెయిలు ఇప్పించే మనిషి ఎవరు? మీ ఓనరు స్టేషన్‌కి స్వయంగా వస్తాడా? కంపెనీ తరఫున లాయరు ఉన్నాడా, లేక బండిని మాత్రం విడిపించుకుని నిన్ను అక్కడే వదిలేస్తారా? మా వాడొకడు నాగపూర్ దగ్గర పదకొండు రోజులు లోపలున్నాడు. బండి మాత్రం మూడో రోజే రోడ్డెక్కింది. అందుకే ఈ మాట గట్టిగా అడుగుతున్నాను.

జగ్గయ్యపేట_కుర్రాడు

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి మా ఊరి అన్నకి ఫోను చేసి ఒక్కొక్కటీ అడిగాను, ఇవాళ ఆఫీసుకే ఫోను చేశాను.

ఒక్క డ్రైవరే, రిలే లేదు. నిద్ర వస్తే ఆపొచ్చు, యాప్‌లో రెస్ట్ అని నొక్కాలి, అలా నొక్కినందుకు తనకి ఇప్పటిదాకా కోత పడలేదని అన్న చెప్పాడు. హబ్బు దగ్గర మొదటి రోజుకి హాల్టింగ్ లేదు, రెండో రోజు నుంచి ఇస్తారు. చేతికి 20 కాదు, పీఎఫ్ పోను 18 చిల్లర. కిలోమీటరు డబ్బులు వేరు. లాయరు ఉన్నాడట, అన్న వాళ్ల బండికి ఒకసారి వచ్చాడట. నియామక పత్రం ఇస్తామన్నారు. మొదటి రెండు ట్రిప్పులు పాత డ్రైవరు పక్కన కూర్చోబెడతారు.

ఒక్కటి నచ్చలేదు. సెక్యూరిటీ కింద మొదటి రెండు నెలలు 5,000 చొప్పున పట్టుకుంటారట. ఏడాదిలోపు మానేస్తే ఆ డబ్బు ఇవ్వరట.

ఇంటావిడ అక్క చెప్పినట్టు రెండు లెక్కలూ పక్కపక్కన రాశాను. ఇప్పుడున్న చోట చేతికి మిగిలేది నేననుకున్నదానికంటే బాగా తక్కువ. కోతలు నేను గుర్తుపెట్టుకున్న వాటికంటే ఎక్కువున్నాయి.

కంటైనర్_నల్గొండ

10,000 పట్టుకునుడు చాన కంపెనీలల్ల ఉన్నదే. కానీ ఏ లెక్కన తిరిగిస్తరో నియామక పత్రంల రాయించుకో. ఏడాది లోపు మానేస్తే అని ఉంటే, వాళ్లే తీసేస్తే ఇస్తరా అని కూడా రాయించు. లైన్ కూడా అందుల్నే రాయించు, భివండి అని. లేకపోతే పండుగల సీజన్ల గురుగ్రామ్ ఎక్కిస్తరు. తెల్ల కాగితం మీద, తెల్ల స్టాంపు పేపరు మీద సంతకం అసలే పెట్టకు.

రెండు_లారీల_ఓనరు

ఓనరుతో ఇంకా మాట్లాడలేదా? ముందు ఆయనకి చెప్పి తర్వాత వాళ్లకి మాటివ్వు. బయటివాళ్ల ద్వారా తెలిస్తే మనసు కష్టపడుతుంది. పండగ ముందు చెప్పకు. ఆ వారం లోడ్లు ఎక్కువ, ఆయన చిరాకులో ఉంటాడు.

జగ్గయ్యపేట_కుర్రాడు

మాట్లాడాను అన్నా. మొదట కోపపడ్డాడు. నోటుబుక్కు చూపించి డీజిల్ కోతల గురించి అడిగితే కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఇద్దరం బండి దగ్గరికి వెళ్లి గుంటూరు అన్న చెప్పినట్టు చూశాం. వెనకాల ఎడమవైపు చక్రం బ్రేకు పట్టేసి ఉంది. కొన్ని నెలల కోత వెనక్కి ఇస్తానని, ఆ మేరకు అడ్వాన్సులో తీసేస్తానని తనే అన్నాడు. ఇకనుంచి లోడుకీ ఖాళీకీ వేరు లెక్క పెడతాను, ఉండమన్నాడు. లైసెన్సు ఇచ్చేశాడు.

ఓవర్‌లోడ్ గురించి అడిగితే మాత్రం, ఆ లోడ్లు మానేస్తే బండి తిరగదురా అన్నాడు. నాకోసం అబద్ధం చెప్పలేదు, అందుకు ఆయన మీద గౌరవమే కలిగింది. కానీ అక్కడే నాకు తేలిపోయింది. ఈ నెలాఖరు దాకా తోలి దిగుతానని చెప్పాను. మిగిలిన అడ్వాన్సు ఎంతో రాసుకుని సంతకాలు పెట్టుకున్నాం. నెలకి 3,000 పంపిస్తాను. కంపెనీ వాళ్లు భివండి అని కాగితంలో రాస్తామన్నారు.

ఇప్పుడు నా భయం వేరే. హైదరాబాద్ నుంచి సోలాపూర్, పుణె దాకా రోడ్డు చదునే అంటున్నారు. లోనావాలా తర్వాత ఘాట్ దిగాలి కదా, లోడుతో నేను దిగిన పెద్ద ఘాట్ ఏదీ లేదు. ఎవరైనా చెప్పండి.

ఆటోనగర్_బాబాయ్

సంతోషం బాబూ. మర్యాదగా దిగుతున్నావు.

ఘాట్ చెబుతాను. లోనావాలా దగ్గర దిగుడు మొదలయ్యే ముందే ఆగు, దిగుడులో ఆగడానికి చోటు చూసుకోవద్దు. బండి దిగి టైర్లు ఒకసారి రాడ్డుతో కొట్టి చూడు. జంట టైర్లలో ఒకటి మెత్తబడితే చప్పుడులోనే తెలుస్తుంది. గాలి మీటరు రెండూ నిండేదాకా ఇంజను ఆన్ చేసి ఉంచు. ఎగ్జాస్ట్ బ్రేకు పనిచేస్తోందో లేదో చదును మీదే నొక్కి చూసుకో.

దిగుడు మొదలవకముందే, పైన ఉండగానే గేరు వేసుకుని దిగాలి. మధ్యలో మార్చబోయి గేరు పడకపోతే బండి న్యూట్రల్‌లో ఉన్నట్టే. ఆ ఎత్తు ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే గేరు. నమ్మకం లేకపోతే ఇంకోటి తక్కువ వేసుకో, మెల్లగా పోతే ఎవరూ ఏమీ అనరు. ఎడమ లైనే నీది. ముందు బండి నెమ్మదిగా పోతోందని కుడికి రావద్దు. కాలి బ్రేకు పట్టుకునే ఉంచకు. కాస్త గట్టిగా తొక్కి వేగం తగ్గించి పూర్తిగా వదిలెయ్, డ్రమ్ము చల్లబడనివ్వు, మళ్లీ తొక్కు. కాలిన వాసన వచ్చిందంటే కిందికి చేరాక చూద్దాం అనుకోకు, చోటు దొరకగానే పక్కకి తీసి ఆపు. చక్రాల కింద రాళ్లు పెట్టు. వేడి డ్రమ్ముల మీద నీళ్లు మాత్రం పోయవద్దు, పగులుతాయి.

మొదటి రెండు ట్రిప్పులు పాత డ్రైవరు పక్కన ఉంటాడన్నావు. మొదటిసారి ఆయన్ని తోలమని నువ్వు ఆయన కాళ్లు చూడు, ఎక్కడ బ్రేకు తొక్కుతున్నాడో, ఎక్కడ వదులుతున్నాడో. రెండోసారి నువ్వు తోలు.

కంటైనర్_నల్గొండ

బాబాయ్ చెప్పింది సరే. ఒక్కటి కలుపుత. పగటి పూట ఘాట్ పడేటట్టు టైము చూస్కో. హైదరాబాద్‌ల సాయంత్రం లోడ్ అయితే హుమ్నాబాద్ దాటినంక ఒక నిద్ర తీసి పో. మొదటి ట్రిప్పు ఎప్పుడో చెప్పు తమ్మీ, ఆ వారం నేను కూడ భివండి లైన్లనే ఉంట. నంబరు మెసేజ్ పెడ్త.